కత్తిరించింది కత్తిరించినట్టే

గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడగల మనిషి ఆ వీధి మొత్తానికీ ఆవిడ ఒక్కతే. డజను సూదులు పెదాలతో పట్టుకుని, కొలతకి నిలబడ్డ మనిషి చుట్టూ మోకాళ్ళ మీద తిరుగుతూ, "పొట్ట లోపలికి లాక్కోకండి, రేపు గుండీ మీ పరువు దక్కనివ్వదు" అని హెచ్చరిస్తుంటే ఒక్క సూదీ చెదిరేది కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ దర్జీ దుకాణంలో అందరికీ ఆవిడ ఫిట్టింగక్క. తనకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు.

ఇరవై రోజుల కిందట స్నానం చేస్తుంటే సబ్బు కంట్లో పడింది. ఎంత బిగించి మూసినా కుడికన్ను మూతపడలేదు. మంటతో అద్దం దగ్గరికి పరిగెత్తి చూసుకుంటే కుడి బుగ్గ జారిపోయి ఉంది, నుదుటి మీద కుడివైపు గీతలన్నీ ఇస్త్రీ చేసినట్టు చదునైపోయాయి. పక్షవాతమనుకుని కూతురు గొల్లుమంది. డాక్టరమ్మ చేతులెత్తించింది, కాళ్ళెత్తించింది, పళ్ళు కొరికించింది. "ముఖానికెళ్ళే నరం వాచింది, అంతే. వెంటనే వచ్చారు కాబట్టి మందులు బాగా పనిచేస్తాయి. కాకపోతే ఓపిక పట్టాలి. వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. కన్ను ఎండిపోకుండా చూసుకోండి" అంది. పళ్ళు కొరకడానికి ఆ నరంతో పనిలేదని కూడా చెప్పింది. ఆ తర్వాత రోజుల్లో ఫిట్టింగక్కకి బాగా పనికొచ్చింది ఆ ఒక్కటే.

నాలుగు రోజులకి పనిలోకి వచ్చింది. వచ్చినరోజే ఒక పెద్దమనిషి కాలరు సరిచేస్తుంటే కుడివైపు పెదవి నుంచి సూది జారి ఆయన మెడలో పడింది. ఆయన కెవ్వుమన్నాడు. మర్నాటికల్లా దుకాణం మధ్యలో ఒక కర్టెను వేలాడుతోంది. ముందు భాగంలో నిలువుటద్దం, కటింగు బల్ల, సోఫా. వెనక భాగంలో మిషన్లు, ఇస్త్రీ బల్ల, ఫిట్టింగక్క.

"కొన్నాళ్ళు లోపలే కూర్చో అక్కా. నీ ఆరోగ్యం కోసమే చెప్తున్నా" అన్నాడు యజమాని. ఎదుటివాళ్ళ ఆరోగ్యం మీద మనుషులకి ఇంత శ్రద్ధ ఎప్పుడు పుడుతుందంటే, అది తమకి అడ్డం వచ్చినప్పుడే. ఆవిడ స్థానంలో కొలతలు తియ్యడానికి తన మరదలిని తెచ్చి నిలబెట్టాడు. అడిగినవాళ్ళకి ఫిట్టింగక్క ఊళ్ళో లేదని చెప్పమన్నాడు.

అదంతా ఆవిడ మింగింది. ఒక చెంపతో మింగటం కష్టమే, అయినా మింగింది. మింగలేకపోయింది సోమవారం జరిగినదాన్ని.

సోమవారం పొద్దున కన్ను తుడుచుకుని చుక్కల మందు వేసుకుంటుంటే కర్టెను అవతల లాయరుగారి గొంతు వినిపించింది. ఆయన తొలి నల్లకోటు నుంచీ ఆవిడ చేతి ఫిట్టింగే.

"మా ఫిట్టింగక్క ఏదయ్యా?"

యజమాని ఊళ్ళో లేదని చెప్పబోతుంటే కటింగు మాస్టరు అందుకున్నాడు. "ఉంది సార్, లోపలే ఉంది. కాకపోతే మొహం సగం సెలవులో ఉంది, మిగతా సగం డ్యూటీ చేస్తోంది!"

నవ్వులు. కర్టెను పక్క సందులోంచి చూస్తే నిలువుటద్దంలో మాస్టరు కనిపించాడు. అరవై దాటిన మనిషి, మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క. మూతి ఒక పక్కకి ఈడ్చుకుని, ఒక కన్ను పెద్దది చేసి, చొంగ కారుతున్నట్టు చేత్తో గడ్డం తుడుచుకుంటూ, "కాస్త నిటారుగా నిలబడండి" అని ముద్దముద్దగా అంటున్నాడు. లాయరుగారు పొట్ట పట్టుకున్నాడు. యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఫిట్టింగక్క చేతిలో మందుసీసా ఉంది. ఎడమకన్ను మాత్రమే మూసుకుంది. రెండోది మూతపడదు గనక ఆ దృశ్యమంతా దానికి కనిపిస్తూనే ఉంది. దేవుడు ఇవ్వని వరమంటే ఇదే కాబోలు, చూడకూడనిది చూస్తున్నప్పుడు కన్ను మూసుకోవటం.

యజమాని నవ్వితే ఆవిడకి అంత కాలలేదు. యజమాని నోరు పైసాకీ లాభానికీ తెరుచుకునే నోరు. లాయరు నవ్వినా పోనీలే అనుకుంది. కానీ మాస్టరు! పద్దెనిమిదేళ్ళు ఎదురుబొదురు బల్లల మీద పనిచేసిన మనిషి. పైగా ఆ మనిషి పరువు రెండేళ్ళుగా ఎవరి చేతిలో ఉందో ఆవిడ ఒక్కదానికే తెలుసు. అతనికి కూడా తెలీదు.

మాస్టరుకి దగ్గరి చూపు పోయింది. టేపు మీద అరంగుళం గీత కనపడదు. ఆరుకీ ఎనిమిదికీ తేడా తెలీదు. "మా గురువు ఎనభయ్యో ఏటిదాకా కళ్ళజోడు లేకుండా కత్తిరించాడు, నేనూ అంతే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. చెప్పుకోవటమే కాదు, నమ్ముతాడు కూడా. తప్పు కనపడాలంటే ముందు కళ్ళు కనపడాలి కదా! అతను గుడ్డ పరిచి కత్తెర ఎత్తగానే, అడగకుండానే కొలతలు పైకి చదివేది ఫిట్టింగక్క. అయినా తప్పు జారితే, కత్తిరించిన ముక్కలు ముందుగా తన బల్ల మీదికే వస్తాయి గనక, చీటీతో సరిచూసి, ఎక్కడ కుట్టు పడాలో కొత్త సుద్దగీత గీసి, కచ్చాకుట్టు వేసి మిషన్లకి పంపేది. మాస్టరు అన్నివైపులా అంగుళం గుడ్డ ఎక్కువ వదులుతాడు. ఆ అంగుళంలో ఆవిడ అతని పరువుని మడిచి కుట్టేసేది.

మంగళవారం హోటలువాళ్ళ పని మొదలైంది. కొత్తగా తెరవబోతున్న పెద్ద హోటలు. ముందు హాల్లో నిలబడే ఎనిమిది మందికి సూట్లు. ఆదివారం ప్రారంభం, శుక్రవారానికి చూసుకుంటామన్నారు. దుకాణానికి అంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు.

"మధ్యలో ఒకసారి ట్రయలు వెయ్యొద్దా?" అని యజమాని అడగటం కర్టెను ఇవతలికి వినిపించింది.

"నా కటింగుకి ట్రయలేమిటి సార్? ఏకంగా తొడిగించి పంపెయ్యటమే!" అన్నాడు మాస్టరు.

మధ్యాహ్నానికి మొదటి కోటు ముక్కలు వచ్చాయి. ముదురు నీలం గుడ్డ, చేతికి బరువుగా, మంచి గుడ్డ. ఫిట్టింగక్క అలవాటుగా టేపు పరిచింది. మరదలు పెన్సిలుతో రాసిన చీటీ చూసింది. చీమలు పాకినట్టు చిన్న చిన్న అంకెలు. చేతి పొడవు ఇరవై మూడున్నర అని ఉంది, ఇరవై మూడుకి కత్తిరించి ఉంది. ఛాతీ ముప్పై ఆరు అని ఉంది, ముప్పై ఎనిమిదికి కత్తిరించి ఉంది.

వేళ్ళు వాటంతటవే సుద్ద అందుకున్నాయి. గీత గియ్యబోయి ఆగింది.

ముందు గదిలో మాస్టరు ఎవరికో తన గురువు సంగతి చెప్తున్నాడు. ఆ గొంతు కుడిచెవికి మరీ పెద్దగా వినిపిస్తోంది. ఈ జబ్బులో అదొక విడ్డూరం. నోరు పడిపోయిన వైపు చెవికి ప్రతి శబ్దం రెట్టింపు వినపడుతుంది. మిషను చప్పుడు మేకు దింపినట్టుంటుంది. ఇక అవమానం సంగతి చెప్పేదేముంది.

ఫిట్టింగక్క సుద్ద డబ్బాలో పెట్టేసింది. మాస్టరు గీత ఎక్కడుందో అక్కడే, ఒక్క పోగు అటూ ఇటూ కాకుండా కచ్చాకుట్టు వేసింది. దొంగతనం కాదు, ద్రోహం కాదు. కత్తిరించింది కత్తిరించినట్టు కుట్టటం ఎక్కడైనా నేరమా? ఆ మాట తనకి తాను రెండుసార్లు చెప్పుకుంది. గుండెల్లో ఏదో చల్లగా, హాయిగా దిగింది. ఇరవై రోజుల్లో ఆవిడకి హాయి అనిపించింది అప్పుడే.

సాయంత్రం ఇంటి దగ్గర కూతురు వేడినీళ్ళలో ముంచిన గుడ్డ బుగ్గకి కాపడం పెట్టి, రెండు వేళ్ళతో గడ్డం నుంచి చెవి దాకా పైకి రుద్దింది. అద్దం ఎదురుగా కూర్చోబెట్టి ఉపాధ్యాయురాలిలా నిలబడింది.

"కనుబొమలు ఎత్తు. ఊఁ. బుగ్గలు పూరించు. గాలి పోతోంది, పెదవి వేలితో పట్టుకో. ఇప్పుడు నవ్వు."

ఎడమవైపు నవ్వింది. కుడివైపు మాత్రం ఎవరి సంగతో అన్నట్టు ఊరుకుంది.

"మనసులో ఏదన్నా సంతోషమైనది తలుచుకోవే అమ్మా."

ఫిట్టింగక్క తలుచుకుంది. శుక్రవారం నిలువుటద్దం ముందు ఎనిమిది మంది వరసగా నిలబడటం తలుచుకుంది. ఎడమ చెంప చెవిదాకా సాగింది.

"అబ్బో! ఏం తలుచుకున్నావ్?"

"మాస్టరుగారిని" అంది.

కూతురు చెయ్యి ఆగింది. సోమవారం సంగతి దానికి తెలుసు. "కోపం పెట్టుకోకమ్మా. నరానికి మంచిది కాదు."

"డాక్టరమ్మ చెప్పిందా?"

"లేదు, నేను చెప్తున్నా."

"అయితే నీ ఫీజు నువ్వు ఉంచుకో" అంది తల్లి. ఆ 'ఫీజు' అనడానికి పెదవి వేలితో బిగించుకోవాల్సి వచ్చింది.

బుధవారం, గురువారం ముక్కలు వస్తూనే ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్కటీ కొలిచేది. కొలవకుండా కుట్టేస్తే పగ ఎట్లా అవుతుంది, అజాగ్రత్త అవుతుంది. ఎనిమిదింట్లో రెండు మాత్రం ఏ పుణ్యాన్నో సరిగ్గా వచ్చాయి. ఆ రెండింటినీ చూసి ఆవిడకి చిరాకేసింది. మిగతా ఆరూ ఒకదాన్ని మించి ఒకటి. ఒకదానికి నలభై ఎనిమిది ఉండాల్సిన ఛాతీ నలభై ఆరుంది. అది ఎవరికో కొలత చీటీ మీద ఉంది, 'తలుపు దగ్గర నిలబడే లావుపాటి ఆయన' అని. కచ్చాకుట్టు వేస్తూ ఆ లావుపాటి ఆయనకి మనసులోనే క్షమాపణ చెప్పుకుంది.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ మాస్టరు కర్టెను తప్పించుకుని లోపలికి వచ్చాడు. ఫిట్టింగక్క ఎడమ దవడతో మెల్లగా నములుతూ, కుడి బుగ్గలో ఇరుక్కున్న మెతుకులు వేలితో తీసుకుంటోంది. గబుక్కున తల తిప్పుకుంది. అతను చూడనట్టు ఫ్యాను దగ్గరికి వెళ్ళి, దాని మొహం గోడవైపుకి తిప్పాడు.

"గాలి నేరుగా కొడితే కన్ను ఎండిపోతుందంటగా. మిషన్లవాళ్ళకి చెప్పు, ఇటు తిప్పొద్దని" అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. నలుగురిలో పరువు తీసి, చాటుగా ఫ్యాను తిప్పుతాడా! చెప్పుతో కొట్టి చక్కెర పెట్టినట్టుంది. ఇదే ఫ్యాను నలుగురి ముందు తిప్పి, చేసిన వెక్కిరింత చాటుగా చేసుకుని ఉంటే ఆవిడకి ఇంత ఉండేది కాదు. ఆ మధ్యాహ్నం ఏడో కోటు కుట్టు ఇంకా నిటారుగా, ఇంకా అందంగా వేసింది. తప్పు కొలతకి అంత చక్కటి పనితనం ఆ దుకాణంలో ఎప్పుడూ పడి ఉండదు.

శుక్రవారం పదకొండింటికి హోటలు మేనేజరు ఎనిమిది మందినీ వెంటబెట్టుకుని వచ్చాడు. యజమాని ఎదురెళ్ళాడు. మాస్టరు తెల్లచొక్కా వేసుకుని, టేపు మెడలో సవరించుకుని, అద్దం పక్కన పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడ్డాడు. ఫిట్టింగక్క కర్టెను సందు చాల్లేదనుకుని దాన్ని సగం దాకా లాగేసి, స్టూలు వేసుకుని కూర్చుంది. టిక్కెట్టు కొన్నవాళ్ళకి ఎంత హక్కుందో ఆవిడకీ అంత ఉంది.

మొదటివాడు తొడుక్కున్నాడు. సరిగ్గా సరిపోయింది. మేనేజరు తలాడించాడు. మాస్టరు గురువు గురించి మొదలుపెట్టాడు.

రెండోవాడు తొడుక్కున్నాడు. చేతులు మణికట్టు వదిలి పైకి పారిపోయాయి. మూడోవాడు కోటులో తప్పిపోయాడు, భుజాలు మోచేతుల మీదికి దిగాయి. నాలుగోవాడు తలుపు దగ్గర నిలబడే లావుపాటి ఆయన. గుండీ పెట్టుకోడానికి ఇటొకడు అటొకడు సాయం పట్టారు. పడ్డ గుండీ ఆయన ఊపిరి వదలగానే తెగి మరదలి కాళ్ళ దగ్గరికి దొర్లింది. ఐదోవాడిని చూశాక మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే నవ్వటం మొదలుపెట్టారు.

"వీళ్ళు వచ్చినవాళ్ళకి తలుపు తియ్యాలా, సర్కసు చెయ్యాలా?" అన్నాడు మేనేజరు. అతను మాత్రం నవ్వలేదు. "ఆదివారం పొద్దున తొమ్మిదింటికి సరిగ్గా ఉండాలి. లేకపోతే ఈ దుకాణం పేరు నేనే ఊరంతా చెప్తాను."

యజమాని మొహంలో నెత్తురుచుక్క లేదు. మరదలి చేతిలోంచి చీటీ లాక్కుని, లావుపాటి ఆయన కోటు లాక్కుని, మాస్టరు మెడలోని టేపు లాగి ఛాతీ దగ్గర పెట్టి, అతని ముక్కు దగ్గరికి తెచ్చాడు. "ఇదెంత? చదువు."

మాస్టరు తల వెనక్కి తీసుకున్నాడు. కళ్ళు చిట్లించాడు. "నలభై... ఎనిమిది సార్."

"నలభై ఆరు! ఇది?"

"ఇరవై నాలుగు..."

"ఇరవై మూడు! ఎన్నాళ్ళ నుంచయ్యా ఈ గుడ్డితనం? నా దుకాణంలో కత్తెర పట్టుకుంది గుడ్డివాడా ఇన్నాళ్ళూ?" మేనేజరు కోపాన్ని ఎటైనా మళ్ళించాలి కదా, యజమాని టేపు బారెడు దూరం పట్టుకుని, కళ్ళు చికిలించి, మెడ సాచి, వణికే గొంతుతో, "మా గురువుగారు ఎనభయ్యో ఏటిదాకా..." అన్నాడు. అచ్చం మాస్టరే.

హోటలువాళ్ళు ఘొల్లుమన్నారు. మేనేజరుకి కూడా మూతి కదిలింది. మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాస్టరు ఆ నవ్వుల మధ్య రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు, మెడలో లేని టేపు కోసం తడుముకున్నాడు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఐదు రోజుల్లో పండటం ఫిట్టింగక్క అనుకోలేదు. కడుపులోంచి సంతోషం పొంగుకొచ్చింది. అందులో దయ లేదు, జాలి లేదు, కల్తీ లేని సంతోషం. ఇప్పుడు తెలిసిందా మాస్టారూ, సగం సెలవంటే ఎట్లా ఉంటుందో! ఆవిడ నవ్వింది. స్టూలు మీద కూర్చుని హాయిగా, గుండె నిండా నవ్వింది.

"అక్కా!" అని అరిచాడు మాస్టరు.

అందరూ ఉలిక్కిపడి ఆగారు. అతను యజమానిని తప్పించుకుని రెండడుగులు ముందుకొచ్చాడు. ముక్కు దగ్గర అంకె కనపడని కళ్ళకి గది చివర మొహం మాత్రం శుభ్రంగా కనపడుతుందని ఆవిడకి ఎన్నడూ తట్టలేదు.

"నీ పడిపోయిన బుగ్గ! కదిలిందమ్మా, నిజంగా కదిలింది! పెదవి చివర కూడా! చూడు, అద్దంలో చూసుకో!"

తన పరువు నేలమీద పడి ఉందన్న సంగతే ఆ మనిషి మొహంలో లేదు. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ఆ నవ్వులో వెతికినా వంకర దొరకదు.

ఫిట్టింగక్క లేచి అద్దం దగ్గరికి వెళ్ళింది. కుడి పెదవి చివర వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. మళ్ళీ ప్రయత్నించింది. బుగ్గ వణికింది, నిజమే. ఇరవై నాలుగు రోజులు కాపడాలకీ, కూతురి బతిమాలుళ్ళకీ కదలని బుగ్గ ఒక ముసలాయన పరువు పోతుంటే చూసి కదిలింది. ఆ సంగతి ఆవిడకి తెలుసు, అద్దానికి తెలుసు. తెలియాల్సిన మనిషి మాత్రం వెనక నిలబడి చప్పట్లు కొట్టేట్టున్నాడు. పగ తీర్చుకోవాలన్నా కాస్త సరైన మనిషి దొరకాలి. ఈ మనిషి సరిగ్గా ఏడ్వటం కూడా చేతకానివాడు.

మేనేజరు తన మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. యజమాని ఫిట్టింగక్క వైపు తిరిగాడు. గొంతులో తేనె. "చూశావా, లోపల కూర్చుంటే తగ్గుతుందని నేను చెప్పలా! ఇంకో వారంలో మామూలైపోతావ్. సోమవారం నుంచి ముందుకి వచ్చెయ్." తర్వాత మాస్టరుతో, అటు చూడకుండానే, "నువ్వు నీ కత్తెర తీసుకుని వెళ్ళు. ఇక రానక్కర్లేదు" అన్నాడు.

మాస్టరు బల్ల దగ్గరికి వెళ్ళి కత్తెర గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు.

ఆవిడ కోరుకున్నది ఇదే కదా? ముందు గది తనకి, గుమ్మం అవతల వీధి మాస్టరుకి. ఎవరో వడ్డించినట్టు విస్తరి నిండా ఉంది. అయినా ఆవిడకి ఒక్కసారిగా కోపం నషాళానికెక్కింది. ఈయనెవరు? సోమవారం కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది ఈయన. కర్టెను కట్టింది ఈయన. మాస్టరుకి శిక్ష వెయ్యాల్సింది ఎవరు, వేస్తున్నది ఎవరు? నా పగలో ఈయనకేం పని?

"సారూ, ఆదివారానికి సూట్లు కావాలా, అక్కర్లేదా?"

"కావాలి, కావాలి. నువ్వున్నావుగా."

"నేనొక్కదాన్నే చెయ్యలేను. ఏ అతుకులో ఎంత గుడ్డ వదిలారో ఆయన చేతికే తెలుసు." ఇది అబద్ధం. ఎక్కడ ఎంత ఉందో ఆవిడకి కంఠతా వచ్చు. "ఆయన ఉంటే నేనుంటాను. ఆయన పోతే నేనూ డబ్బా సర్దుకుంటాను. కళ్ళజోడు రేపు కొనుక్కుంటారు. ఇంకోటి, ఆ కర్టెను ఇప్పుడే దింపించండి. నేను ఇట్లాగే, ఈ మొహంతోనే ముందు కూర్చుంటాను. సోమవారం దాకా ఆగను."

మధ్యలో రెండుసార్లు పెదవి జారింది. వేలితో పట్టుకుని మళ్ళీ చెప్పింది. యజమాని మింగలేక కక్కలేక, మరదలిని కర్టెను తియ్యమని, తను హోటలు మేనేజరుని బతిమాలడానికి వెళ్ళాడు.

మిషన్లవాళ్ళు భోజనాలకి వెళ్ళి, మరదలు కర్టెను మడిచి పైకి తీసుకుపోయాక దుకాణంలో ఇద్దరే మిగిలారు. కటింగు బల్ల మీద ఎనిమిది కోటులూ పరిచి ఉన్నాయి. మాస్టరు ఒకదాని చెయ్యి ఎత్తి చూసి, దించాడు.

"ఇంత తప్పు ఎట్లా చేశానమ్మా? ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు."

"రెండేళ్ళ నుంచి వారానికి నాలుగు తప్పులు చేస్తున్నారు. నేను దిద్దుతున్నాను."

అతను తల ఎత్తాడు. "కొలతలు పైకి చదివేదానివి... అందుకా?"

"అందుకే."

"మరి వీటిని?"

"దిద్దలేదు. చూసి, కొలిచి, దిద్దకుండా వదిలేశాను."

"ఎందుకని?"

ఐదు రోజుల నుంచి ఈ ప్రశ్న కోసమే ఆవిడ జవాబు నూరి పెట్టుకుంది. "సోమవారం లాయరుగారి ముందు నా మొహం పెట్టి చూపించారు. అందుకని."

మాస్టరు నుదురు ముడిపడింది. పైకి చూశాడు, కిందికి చూశాడు. "నేనా?" అన్నాడు. నటించటం లేదు. "లాయరుగారు వచ్చినట్టు గుర్తుంది... ఏదో నవ్వులాటకి అనుంటానమ్మా. గుర్తు లేదు."

ఆవిడకి చెంప మీద కొట్టినట్టయింది. తను ఐదు రోజులుగా రాత్రింబవళ్ళు మోసింది, కొలిచింది, ఆరు కోటుల్లో కుట్టింది. అతను ఆ పూటే సుద్దపొడిలా దులిపేసుకున్నాడు. గుర్తు లేని తప్పుకి శిక్ష పడితే అది మనిషికి ఎక్కడ తగులుతుంది?

"అయితే గుర్తు చేసుకుందాం. పెట్టండి."

"ఏమిటి?"

"ఆ మొహం."

"వద్దమ్మా..."

"పెట్టండి మాస్టారూ."

అతను మెల్లగా మూతి ఒక పక్కకి ఈడ్చాడు. ఫిట్టింగక్క దగ్గరికి వెళ్ళి, కోటు భుజం చూసినట్టు తల వంచి చూసింది.

"ఎడమ కాదు, కుడి. మనిషి ఎదురుగా పద్దెనిమిదేళ్ళు కూర్చుని ఏ వైపో కూడా చూసుకోలేదు మీరు." వేలితో అతని కుడి పెదవి చివర పట్టుకుని కిందికి లాగింది. "ఇక్కడిదాకా. బుగ్గ బిగించకండి, వదిలెయ్యాలి. కన్ను తెరవండి. రెప్ప వెయ్యకూడదు. ఊఁ, అట్లా. కదలకండి."

కూజాలోంచి గ్లాసు నిండా నీళ్ళు పోసి చేతికిచ్చింది. "తాగండి."

అతను గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడు. మొదటి గుక్కకే కుడివైపు నుంచి నీళ్ళు గడ్డం మీదికి, అక్కణ్ణుంచి తెల్లచొక్కా మీదికి కారాయి. తుడుచుకోబోయాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. చెయ్యి దించేశాడు.

"ఇరవై నాలుగు రోజులు ఇట్లా తాగాను. కూతురు చూడకుండా, మిషన్లవాళ్ళు చూడకుండా. మీరు గడ్డం తుడుచుకుని చూపించారే, అది ఇదే. నవ్వొస్తోందా?"

రెప్ప వెయ్యని కుడికంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎడమకంట్లోంచి కూడా కారుతున్నాయి, దానికి మాత్రం ఆవిడ ఏమీ చెప్పలేదు. వీధిలో ఎవరో పోతూ గుమ్మంలోంచి తొంగిచూసి, అర్థం కాక వెళ్ళిపోయారు.

"గుర్తొచ్చింది" అన్నాడు మాస్టరు, ఆ వంకర మూతితోనే. మాట ముద్దగా వచ్చింది. "గుర్తొచ్చిందమ్మా. ఇక మూతి మామూలుగా పెట్టుకోనా?"

ఫిట్టింగక్క స్టూలు లాక్కుని బల్ల ముందు కూర్చుంది. లావుపాటి ఆయన కోటు దగ్గరికి తీసుకుని, చంక కింద అతుకు తిరగేసి, బ్లేడు అందుకుంది.

"గ్లాసులో ఇంకా ఉన్నాయి" అంది.

అతను తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆవిడ కుట్టు మీద బ్లేడు పెట్టలేదు.